పాత బడి వెనక గాజు బ్లాకు కట్టారు. బాగుందో లేదో దేన్ని చూసి చెప్పాలి?

గుల్జార్‌హౌజ్ కుర్రాడు:

బిల్డింగుల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నేను చదివిన బడి పాతబస్తీలో ఉంది, పేరు వద్దులెండి. 1930లలో కట్టిన రాతి భవనం. ముందు పొడుగాటి వరండా, కమానులు, చెక్క మెట్లు, పైన ఇనుప గర్డర్ల మధ్య ఇటుకలు పేర్చిన కప్పు. నిరుడు దాని వెనక, పాత వంట షెడ్డు ఉండే చోట గ్రౌండ్ ప్లస్ టూ కొత్త బ్లాకు లేపారు. ఉక్కు స్తంభాలు, పడమటి వైపు మొత్తం గాజు, లోపల లైబ్రరీ, ల్యాబులు. పాత వెనక వరండాకీ దీనికీ మధ్య ఒక గాజు కారిడార్. డబ్బులో సగం మా పూర్వ విద్యార్థులం వేసుకున్నదే.

ఇప్పుడు సావనీర్ వేస్తున్నారు. "నువ్వు బాగా రాస్తావు కదరా, కొత్త బ్లాకు మీద రెండు పేజీల సమీక్ష రాయి" అని నా నెత్తిన పెట్టారు. నేను అకౌంట్స్ మనిషిని. వాట్సాప్ గ్రూపులో జనం ఇప్పటికే రెండు ముక్కలయ్యారు. కొందరు "మాదాపూర్ వెళ్లాల్సిన బిల్డింగు దారి తప్పి మన బడికొచ్చింది" అంటున్నారు, కొందరు పాతదానిలాగే కమానులు పెట్టి కడితే ఏం పోయేది అంటున్నారు, ఒక పెద్దాయనైతే నేరుగా ఫోన్ చేసి "పిల్లలకి కూర్చుని చదువుకోవడానికి ఒక చోటు దొరికింది, మధ్యలో మీ ఏడుపేంట్రా" అని కడిగేశారు.

నాకేమనిపించిందో నాకే సరిగ్గా తేలడం లేదు. గేటు దగ్గర నిలబడి చూస్తే పాత పిట్టగోడ మీదుగా కొత్తదాని బూడిదరంగు షీటు ఓ మూడు నాలుగడుగులు పైకి తేలి కనిపిస్తుంది, అది నచ్చలేదు. లోపల లైబ్రరీ మాత్రం నచ్చింది. కానీ ఇవి నా ఇష్టాయిష్టాలే కదా, సమీక్ష ఎలా అవుతుంది? పాత భవనానికి కొత్తది చేర్చినప్పుడు మీరేం చూస్తారు?

ఇరానీ చాయ్:

మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ పడమటి గాజు పక్కన కూర్చుని రాయండి. రెండు పేజీలు అక్కర్లేదు, రెండు లైన్లలో తేలిపోతుంది.

గ్రాఫ్‌పేపర్:

ఇరానీ చాయ్ గారి మాట జోకులా ఉన్నా అందులో విషయం ఉంది, తర్వాత వస్తా. ముందు గాజు కాబట్టి చెడ్డది, కమాను కాబట్టి మంచిది అనే లెక్క పక్కన పెట్టండి.

మన ఊళ్లోనే చూడండి. చార్మినార్ 1591ది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. అంటే దాదాపు మూడొందల ఏళ్ల తర్వాత ఆ రోజుల్లో కొత్త సరుకైన ఒక యంత్రాన్ని తెచ్చి దాని మొహాన అమర్చారు. ఇవాళ గడియారం లేకుండా చార్మినార్ బొమ్మ గీసి చూపిస్తే చిన్నపిల్లాడు కూడా ఏదో తగ్గిందంటాడు. మొహర్రంలో పీర్లు నిలబెట్టే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకి ఎప్పుడైనా వెళ్లారా? లోపల కుతుబ్‌షాహీల నాటి రంగు పలకల గోడలు ఉంటాయి, వాటి ముందు ఆ ఎత్తైన కొయ్య స్తంభాల హాలు మాత్రం ఆసఫ్‌జాహీల కాలంలో చేర్చింది. కుతుబ్‌షాహీల పనితనాన్ని అనుకరించే ప్రయత్నం అందులో లేదు. తన కాలం కొయ్యతో, తన కాలం తీరులో నిలబడింది, వెనక ఉన్న పలకలని మింగేయలేదు. నాకైతే ఊళ్లో ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించదు, దీని గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరో అర్థం కాదు.

ఇక "పాతదానిలాగే కట్టాల్సింది" అనేవాళ్లకి అసెంబ్లీ చూపించండి. అసలు భవనం 1913లో పూర్తయిన టౌన్‌హాల్. దాని పక్కనే 1980లలో అదే తీరులో, అవే గుమ్మటాలూ కమానులతో కొత్త సభా భవనం కట్టారు. చూడటానికి కంటికి ఇంపుగానే ఉంటుంది, నేనేమీ తిట్టను. కానీ రోడ్డు మీద నిలబెట్టి ఏది పాతదో చెప్పమంటే మా స్టూడెంట్లలో సగం మంది తడబడ్డారు. అసలుదానికి డెబ్భై ఏళ్లు ఎక్కువ వయసుంది, దాని పనివాళ్ల చేయి వేరు, ఆ తేడా జనం కళ్లలో చెరిగిపోయింది. పాత కట్టడాలని ఎలా కాపాడాలో వివిధ దేశాల నిపుణులు కలిసి రాసుకున్న 1964 వెనిస్ చార్టర్‌లో ఈ సంగతి ఉంది. బాగుచేసేటప్పుడు కొత్తగా పెట్టేది మొత్తంతో ఒద్దికగా కలవాలి, కానీ ఏది అసలుదో ఏది తర్వాతదో తెలియాలి అంటుంది. చేర్పుల విషయంలో ఇంకా గట్టిగా ఉంటుంది: భవనంలో చూడదగ్గ భాగాలకీ, దాని పొందికకీ, చుట్టుపక్కలతో దానికున్న సంబంధానికీ దెబ్బ తగిలితే చేర్పు ఒప్పుకోకూడదని.

మీకు గేటు దగ్గర నచ్చనిది సరిగ్గా ఇదే. ఉత్త ఇష్టాయిష్టం అనుకోకండి. పాత పిట్టగోడ అంచు ఇన్నాళ్లూ ఆకాశం మీద గీసిన గీతలా కనిపించేది. ఇప్పుడు దాని వెనక షీటు వచ్చింది, గీత మాసిపోయింది. కొత్త బ్లాకుని ఓ పది అడుగులు వెనక్కి జరిపినా, పై అంతస్తు కాస్త కుదించినా గేటు నుంచి కనిపించేది కాదు. డ్రాయింగు బోర్డు మీద అరగంట పని. అది ఎందుకు చేయలేదని అడగండి, జవాబు ఏం వస్తుందో అదీ రాయండి. గేటు, సందు మలుపు, గ్రౌండు మధ్య, ఈ మూడు చోట్ల నుంచీ ఫోటోలు తీసి, పాత సావనీర్లలో అవే కోణాల ఫోటోలు దొరికితే పక్కపక్కన వేయండి, మీ సమీక్షలో సగం అవే చెప్పేస్తాయి.

ఇరానీ చాయ్:

అంటే గాజు ఓకే అంటారా?

గ్రాఫ్‌పేపర్:

గాజు మీద నాకు పగ లేదు, పడమటి గాజు మీద ఉంది. ఎండకి అడ్డంగా బయట రెక్కలు గానీ, చిల్లుల జాలీలు గానీ ఉన్నాయా, లేక లోపల కర్టెన్లు వేసి చేతులు దులుపుకున్నారా చూడాలి. కర్టెన్ దాకా వచ్చిన ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు, ఇక ఆ వేడిని ఏసీ లాగాల్సిందే. పాత వరండా చేసే పని అదే కదా, ఎండని గోడ దాకా రానివ్వదు. పక్కనే తొంభై ఏళ్లుగా నిలబడ్డ గురువు ఉంటే పాఠం నేర్చుకోకపోవడం నా దృష్టిలో పెద్ద మైనస్, కమానులు పెట్టలేదన్నది అసలు మైనసే కాదు.

ఒకటి మర్చిపోయా. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందు గాజు పిరమిడ్ 1989లో వచ్చినప్పుడు అక్కడివాళ్లు కూడా ఇలాగే కొట్టుకున్నారు. నా మటుకు దాని అసలు తెలివి ఆకారంలో లేదు. నేల మీద అది పాత రాజభవనం గోడల్ని ఎక్కడా తాకదు. ముంగిట్లో విడిగా నిలబడుతుంది, రాకపోకలన్నీ కింద నేలమాళిగలోంచి. మీ బ్లాకు అలా కాదు, గాజు కారిడార్‌తో వచ్చి పాతదాన్ని తాకుతోంది. ఎక్కడ తాకుతోందో అక్కడే కథంతా.

సున్నం పిచ్చి:

ఆ తాకే చోటు గురించి నేను చెప్తా, నా పని అదే. పాత గోడల సున్నం పనులు చేయిస్తుంటా, పదిహేనేళ్లయింది. ముందే చెప్తున్నా, పొడుగు పోస్టు.

అన్నా, నువ్వు బిల్డింగుని ముందు నుంచి చూడటం ఆపి, రెండూ కలిసే చోటికి వెళ్లి ఒక గంట కూర్చో. వానాకాలం కాబట్టి నీ అదృష్టం. రెండు కప్పులు కలిసే చోట నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. లెక్క చెప్తా, నీకు లెక్కలు ఇష్టమే కదా. కొత్త కప్పు 200 చదరపు మీటర్లు అనుకో, మన ఊళ్లో గట్టి వాన పడి పది సెంటీమీటర్లు కురిసిందనుకో, 20,000 లీటర్లు. నాలుగు వాటర్ ట్యాంకర్లు. అంత నీరూ పైపుల్లోంచి దిగి ఎక్కడ పడుతోంది? పాత గోడ మొదట్లో పడుతుంటే మిగతా సమీక్ష నువ్వు రాయక్కర్లేదు, ఐదేళ్లలో గోడే రాస్తుంది.

ఎందుకంటే ఆ గోడ రాయీ, గానుగలో రుబ్బిన డంగు సున్నంతో కట్టింది. సున్నం గోడ నీళ్లు తాగుతుంది, ఎండకి మళ్లీ వదిలేస్తుంది. అది దాని ఊపిరి. కొత్తది కట్టే కాంట్రాక్టరు వెళ్తూ వెళ్తూ "పనిలో పని, పాతదానికి కూడా కింద మూడడుగులు నీట్‌గా చేసేద్దాం" అని సిమెంటు పూసి పైన ప్లాస్టిక్ పెయింట్ కొడతాడు. ఇది నేను చూడని సైటు లేదు. లోపలికెళ్లిన చెమ్మకి బయటికి దారి ఉండదు, గోడలో పైకి ఎక్కుతుంది, సిమెంటు ఆగిన చోట పైన ఉప్పు తేలి పెచ్చులు ఊడతాయి. అప్పుడేమో "పాత గోడ కదా, పోయే కాలం వచ్చింది" అంటారు. పోయే కాలం గోడకి రాలేదు, తెచ్చిపెట్టారు. మేం మళ్లీ ఆ సిమెంటు అంతా ఉలితో జాగ్రత్తగా లేపి, సున్నం నానబెట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి రుబ్బించి పూయాలి. ఆ సున్నం గాలి పీల్చుకుని గట్టిపడటానికి నెలలు పడుతుంది, సిమెంటులా వారంలో తేలే పని కాదు, అందుకే ఎవరికీ ఓపిక ఉండదు.

రెండోది, కారిడార్ బరువు దేని మీద ఉంది? దానికి సొంత స్తంభాలు ఉండి, పాత గోడకి వేలెడు సందు వదిలి, ఆ సందుని వంగే రబ్బరుతోనో రేకుతోనో మూసి ఉంటే దండం పెట్టొచ్చు. అలా కాకుండా పాత రాతిలో బోల్టులు దించి దూలం వేలాడదీశారంటే మాత్రం తిట్టు. ఉక్కు ఎండకి సాగుతుంది. పది మీటర్ల దూలం 30 డిగ్రీలు వేడెక్కితే మూడున్నర మిల్లీమీటర్లు. వినడానికి ఏముంది అనిపిస్తుంది, కానీ రోజూ సాగి రోజూ ముడుచుకునేదాన్ని కదలని రాయికి బిగిస్తే రాయి అంచు చిట్లుతుంది, ఆ చిట్లిన చోటే మళ్లీ నీళ్లు.

మూడోది కనపడదు, అడిగి తెలుసుకోవాలి. పునాది ఎంత లోతు తవ్వారు? పాత గోడల పునాదులు వెడల్పుగా ఉంటాయి కానీ లోతు తక్కువ. పక్కనే అంతకన్నా లోతుగా గొయ్యి తీస్తే కింద మట్టి జారుతుంది. పైగా మన ఊరు బండ మీద ఉన్న ఊరు, రెండు మూడడుగులకే బండ తగులుతుంది చాలా చోట్ల. దాన్ని ఎలా పగలగొట్టారు? రంధ్రాలు వేసి కెమికల్ పోసి మెల్లగా పగిలించారా, బ్రేకర్లు పెట్టి నెల రోజులు దడదడలాడించారా? పాత క్లాసుల్లోకి వెళ్లి కమానుల నెత్తిన చూడు. కొత్త పగుళ్లు ఉంటే లోపల తెల్లగా, శుభ్రంగా ఉంటాయి, పాతవాటిలో దుమ్ము, సాలెగూళ్లు ఉంటాయి. అనుమానం ఉన్న పగులు మీద మేమైతే సన్నటి గాజు పట్టీ అడ్డంగా అతికించి తేదీ రాసి వదిలేస్తాం. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు. పది రూపాయల పరీక్ష.

నాలుగోది అని రాయబోయా, ఇది పాఠం అయిపోతోంది, ఆపుతా. ఒక్కటి మాత్రం అడుగు: ఆ కారిడార్ కోసం పాత వరండాలో ఏం కోశారు? రేపు ఎవరైనా కొత్తది తీసేయాలనుకుంటే పాతది మళ్లీ పాతదిలా అవుతుందా?

పీడబ్ల్యూడీ తాత:

మేస్త్రీ బాగా చెప్పాడు, సిమెంటు సంగతిలో మా తరం ఇంజినీర్ల పాపం కూడా ఉంది, ఒప్పుకుంటా. 80లలో మేం సిమెంటు అంటే బలం, సున్నం అంటే వెనకబాటు అనుకునేవాళ్లం. పుస్తకాల్లో అదే చదివాం, సైట్లలో అదే చేశాం.

నాయనా, నువ్వు అకౌంట్స్ మనిషివి కాబట్టి కాగితాలు కూడా చూడు. హైదరాబాద్‌లో పాత భవనాల కోసం 1995లో జోనింగ్ నిబంధనలకి, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే రూల్సుకి, 13వ నిబంధన చేర్చారు. జాబితాలో ఉన్న భవనాన్ని మార్చాలన్నా, చేర్చాలన్నా హెరిటేజ్ కమిటీ మాట వినాల్సి వచ్చేది. 2015లో దాన్ని తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. ఈ రెండింటి మధ్య జాబితా సంగతి ఏమైందన్న వాదన ఎర్రమంజిల్ ప్యాలెస్ కేసులో గట్టిగానే నడిచింది. ఆ భవనం కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అలాగే చార్మినార్ లాంటి కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. మీ బడి ఎక్కడుందో నువ్వు చెప్పలేదు, నేనూ అడగను, టేపు పెట్టి కొలుచుకో.

గ్రాఫ్‌పేపర్‌తో ఒక విషయంలో పేచీ. పది అడుగులు వెనక్కి జరపడం అరగంట పని అన్నావు. వెనక సెట్‌బ్యాక్, అదే హద్దు దాకా ఖాళీగా వదలాల్సిన జాగా, ఎవరు వదులుతారు? ఫైరింజన్ తిరగడానికి దారి ఎవరిస్తారు? పాతబస్తీ స్థలాల్లో ప్రతి అడుగుకీ నలుగురు కాపలా. అంతస్తు కుదించమంటే సరే, ఒప్పుకుంటా, కానీ అప్పుడు ఒక ల్యాబు పోతుంది. సమీక్ష రాసేవాడు ఆ బేరం కూడా చెప్పాలి. పెద్దాయన ఫోన్‌లో తిట్టాడన్నావే, ఆయనది కూడా ఒక వాదనే.

గ్రాఫ్‌పేపర్:

తాతగారూ, అరగంట అన్నది నోరు జారిన మాట, వెనక్కి తీసుకున్నా. బేరం జరిగితే మంచిదే. అసలు బేరం జరిగిందా, షీటు తేలి కనిపిస్తుందని ఎవరైనా ముందే చూశారా అన్నదే నా అనుమానం.

గుల్జార్‌హౌజ్ కుర్రాడు:

అందరికీ థ్యాంక్స్. నిన్న సాయంత్రం వాన మొదలవగానే బండి వేసుకుని వెళ్లా. తడిసి ముద్దయ్యా కానీ మీరు చెప్పినవన్నీ చూశా.

కారిడార్‌కి సొంత స్తంభాలే ఉన్నాయి, పాత గోడకి సందు వదిలి నల్ల రబ్బరు పట్టీ వేశారు, వేలు పెట్టి చూశా, మెత్తగా ఉంది. ఇది చూసి నాకే గర్వంగా అనిపించింది, నేను కట్టినట్టు. నీళ్ల దగ్గర మాత్రం గోవిందా. కొత్త కప్పు నుంచి రెండు పైపులు దిగి పాత గోడకి మూరెడు దూరంలో గచ్చు మీద పడుతున్నాయి, అక్కడి నుంచి గోడ మొదట్లోకి పారుతోంది. సున్నం పిచ్చి అన్న చెప్పినట్టే కింద మూడడుగులు సిమెంటు, పైన లేత గోధుమ రంగు పెయింట్. కొత్తగా కొట్టినప్పుడు మేమందరం గ్రూపులో చప్పట్లు కొట్టాం దానికి. పగుళ్లు రెండు చూశా, రెండింట్లోనూ సాలెగూళ్లే.

పడమటి గాజుకి బయట ఏమీ లేదు, లోపల కర్టెన్లు. లైబ్రేరియన్ మేడమ్ నవ్వి, "ఎండాకాలం మూడు తర్వాత పిల్లలు ఈ పక్క కుర్చీలు తీసుకెళ్లి ఆ పక్క పాత వరండాలో వేసుకుంటారు" అన్నారు. ఇరానీ చాయ్ గారికి ఒక చాయ్ బాకీ.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పలేదు. కొత్త బ్లాకు రెండో అంతస్తులో తూర్పు వైపు ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే మా పాత భవనం కప్పు కనిపిస్తుంది. పిట్టగోడ లోపలి వైపు సున్నంతో చేసిన పూల దండలు ఉన్నాయి, వరుసగా, ఒక్కోటి ఒక్కోలా. పదేళ్లు ఆ బడిలో చదివా, ఎప్పుడూ చూడలేదు, చూసే చోటే లేదు. పైకి ఎవరికీ కనిపించని వైపు అంత పని ఎవరు చేయించారో, ఎందుకు చేశారో. ఓ పది నిమిషాలు అక్కడే నిలబడ్డా. గేటు దగ్గర తీసుకున్నది కొత్త బ్లాకు ఇక్కడ తిరిగిచ్చింది అనిపించింది, పూర్తిగా కాదు, కొంత. సమీక్ష ఇక్కడి నుంచే మొదలుపెడతా అనుకుంటున్నా, ఆ తర్వాత పైపులు, పెయింటు.

వరండాలో ఏం కోశారని అడిగారు కదా. రాతి కటకటాల్లో ఓ ఆరడుగుల ముక్క తీసేశారు. ఆ రాళ్లు ఎక్కడున్నాయంటే వాచ్‌మన్ తీసుకెళ్లి చూపించాడు. వెనక కుళాయి దగ్గర వేశారు, మధ్యాహ్న భోజనం గిన్నెలు వాటి మీదే తోముతున్నారు. పదకొండు లెక్కపెట్టా. ఒకటి విరిగింది, మిగతావి బాగానే ఉన్నాయి.

సున్నం పిచ్చి:

సావనీర్ సంగతి తర్వాత అన్నా. ముందు ఆ పదకొండూ కుళాయి దగ్గర నుంచి తీయించి నీడలో పెట్టించు, పాత ఫోటో ఏదైనా సంపాదించు, ఏది ఏ వరుసలోదో చూసి నంబర్లు వేద్దాం. విరిగిన ముక్క పారేయనివ్వకు. ఆదివారం పొద్దున నేను ఖాళీ, రంగు డబ్బా, కుంచె నేనే తెస్తా. పైపులకి మోచేయి వంపు పెట్టి నీళ్లు దూరంగా మళ్లించడానికి ప్లంబర్ కావాలి, మీ బ్యాచ్‌లో ఎవరైనా ఉన్నారా?

ఇరానీ చాయ్:

ప్లంబర్ నా దగ్గర ఉన్నాడు. చాయ్ బాకీ కూడా ఆదివారమే తీర్చెయ్యండి.